మా రోజుల్లో బ్రేకు లైటు వెలిగితే నమ్మేవాళ్లం

పొద్దు గూకినాక పరకాల నుంచి మొగుళ్లపల్లికి వస్తుంటే ముందు పోయే కార్ల వెనక భాగం చూడలేకపోతున్నాను. బ్రేకు మీద కాలు ఆనితే చాలు, ఎర్ర లైట్లు టపటపా కొట్టుకుంటాయి. స్పీడ్ బ్రేకర్ వచ్చినా అదే మెరుపు, మేకల మంద అడ్డం వచ్చినా అదే మెరుపు, హోటల్ ముందు చాయ్ కోసం ఆపినా అదే మెరుపు. ముందరివాడు కొంచెం నెమ్మదిస్తున్నాడా, ఆగిపోతున్నాడా, ప్రాణం మీదికొచ్చి గట్టిగా తొక్కాడా అన్నది వెనక ఉన్నవాడికి తెలియదు. బతుకంతా బండ్ల వైరింగు చేసినవాణ్ణి. నాకే తెలియడం లేదంటే, రాత్రి పూట మోటారు సైకిల్ మీద పెళ్లాం పిల్లలను ఎక్కించుకొని వచ్చే మనిషికి ఏం తెలుస్తుంది?

2025 మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగినప్పుడు ఇది ఇంకా బాగా అర్థమైంది. పరకాల, భూపాలపల్లి మీదుగా పోయే 353సీ హైవే మీద కార్లు ఒకదాని వెనక ఒకటి పాకుతూ పోయాయి. ఆ వరుసలో సగం బండ్లకు స్థిరంగా వెలిగే లైట్లు, సగం బండ్లకు మెరిసే లైట్లు. గంటసేపు ఆ మెరుపుల వెనక నడిపితే కళ్లు మొద్దుబారిపోతాయి. తరువాత నిజంగా ప్రమాదం వచ్చి ఎవడైనా గట్టిగా తొక్కినా, మెదడు దాన్ని కూడా ఆ గంటసేపటి మెరుపుల్లోనే కలిపేసుకుంటుంది. నా బాధంతా ఇక్కడే ఉంది.

మా చిన్నతనంలో బ్రేకు లైటు పని డ్రైవరు చెయ్యి చేసేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. నెమ్మదిస్తున్నప్పుడు కుడి చెయ్యి కిటికీ బయటికి చాచి, అరచేయి కిందికి పెట్టి, పైకీ కిందికీ ఊపాలి. ఆగుతున్నప్పుడు మోచేయి మడిచి ముంజేతిని నిలువుగా లేపి, అరచేయి కుడివైపు చూపాలి. ఇది ఎవరో సరదాకు పెట్టుకున్న అలవాటు కాదు, చట్టం. 1989 నాటి రోడ్డు నిబంధనల్లో కూడా ఈ సైగలు రాసి ఉన్నాయి. లైసెన్సు పరీక్షకు పోతే ముందు ఇవే చేసి చూపించమనేవారు.

ఆ చేతిలో ఒక గొప్పతనం ఉండేది. వరంగల్ నుంచి వచ్చే లారీ డ్రైవరు చెయ్యి నిదానంగా ఊగితే ముందు కల్వర్టు ఉందని అర్థం. అదే చెయ్యి గబగబా కొట్టుకుంటే ముందు గొడ్డో మనిషో ఉందని, మనమూ ఆపాలని అర్థం. సైగ ఒకటే, కానీ దాని వేగాన్ని బట్టి ఎంత గట్టిగా తొక్కాడో వెనకవాడికి తెలిసిపోయేది. రాత్రి మాత్రం ఆ చెయ్యి కనపడదు, అది నిజం. అందుకే రాత్రి బండి నడిపేవాళ్లు దూరం పాటించేవారు. ఎడ్లబండ్ల ఇరుసు కింద లాంతరు కట్టేవారు. ఆ చిన్న వెలుగు కనిపిస్తే లారీవాడు అల్లంత దూరం నుంచే గేరు తగ్గించేవాడు.

తరువాత లైట్లు వచ్చాయి. నేను పని నేర్చుకున్నది వరంగల్‌లో, ఒక ఉస్తాద్ దగ్గర. పాత అంబాసిడర్లలో బ్రేకు లైటు స్విచ్ పెడల్ దగ్గర ఉండేది కాదు, బ్రేకు ఆయిల్ పైపు మీద ఉండేది. కాలు ఊరికే ఆనిస్తే లైటు వెలగదు. పైపులో ఆయిల్ ఒత్తిడి పెరిగితేనే లోపలి రేకు కదిలి లైటుకు కరెంటు పోతుంది. అంటే బండి నిజంగా ఆగడం మొదలైతేనే వెనక ఎర్రగా వెలిగేది. లూకాస్ రంగుల పద్ధతిలో ఆ తీగ ఆకుపచ్చగా ఉండి, మీద ఊదారంగు గీత ఉండేది. ఎర్ర తీగ టెయిల్ లైటుకు, నల్లది ఎర్త్‌కు. డిక్కీ తెరిచి ఆ ఊదా గీత పట్టుకుంటే చాలు, కళ్లు మూసుకొని పని చేసేవాళ్లం.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తరువాత మా చేతికి పెడల్ పక్కన ఉండే బటన్ స్విచ్ వచ్చింది. పెడల్ కొంచెం కదిలితే బటన్ బయటికొస్తుంది, లైటు వెలుగుతుంది. మంచిదే, వెనకవాడికి రెప్పపాటు ముందే కబురు అందుతుంది. కానీ ఎంత గట్టిగా అన్న కబురు అక్కడ పోయింది. మెల్లగా తొక్కినా, రెండు కాళ్లతో తొక్కినా అదే వెలుగు.

అయినా ఆ వెలుగును నమ్మేవాళ్లం, ఎందుకంటే దాన్ని సరిగా ఉంచేవాళ్లం. రెండు ఫిలమెంట్ల బల్బు ఒకటి ఉంటుంది. 21 వాట్ల తీగ బ్రేకుకు, 5 వాట్ల తీగ టెయిల్‌కు. దాని పక్కన ఉండే రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. తిరగేసి పెట్టకూడదనే అలా చేశారు. తొందరపడేవాళ్లు ఆ పిన్నును ఆకురాయితో అరగదీసి ఎలా పడితే అలా తోసేవారు. అప్పుడు రాత్రంతా వెనక భాగం భగభగ మండుతూ, బ్రేకు తొక్కితే మాత్రం గుడ్డిగా వెలిగేది. మా ఉస్తాద్ అటువంటి పని చూస్తే బండి బయటికి పోనిచ్చేవాడు కాదు. ఒకడు పెడల్ తొక్కాలి, ఇంకొకడు వెనక నిలబడి చూడాలి, ఆ తరువాతే డిక్కీ మూయాలి. ఇది ఆయన పెట్టిన కట్టుబాటు. లైటు మసకగా ఉందంటే బల్బు మార్చడానికి ముందు ఎర్త్ చూడాలని కూడా ఆయనే నేర్పాడు. బాడీకి బిగించిన బోల్టు కింద తుప్పు ఉంటుంది. దాన్ని గీకి, మెరుగు తెచ్చి, మళ్లీ బిగిస్తే అదే బల్బు రెండింతలు వెలుగుతుంది.

ఇప్పుడు సంగతి చూడండి. ఆన్‌లైన్‌లో ఒక చిన్న డబ్బా వస్తుంది. రెండు తీగలు లోపలికి, రెండు బయటికి. దానిని బ్రేకు లైటు మధ్యలో కట్టేస్తే, పెడల్ తొక్కినప్పుడల్లా కొన్నిసార్లు టపటపా కొట్టుకొని తరువాత నిలకడగా వెలుగుతుంది. కుర్రవాళ్లు పట్టుకొని వస్తారు.

“తాతా, గిది బిగియ్యి. మా దోస్తు కారుకు పెట్టిచ్చిండు, మస్తు మెరుస్తది.”

“మెరుస్తది బిడ్డా, కని నువ్వు జర తొక్కినా మెరుస్తది, గట్టిగ తొక్కినా మెరుస్తది. ఎనకోనికి ఏం సమజైతది?”

“అందరు చూస్తరు గద!”

అందరూ చూడటం కాదు కావలసింది. వెనకవాడు సరైన వేళకు చూడాలి, చూసింది నమ్మాలి. ఊళ్లో డప్పు చాటింపు అవసరమైనప్పుడే కొడితే జనం గడప దాటి వచ్చి వింటారు, పొద్దస్తమానం కొడితే ఎవరూ తల ఎత్తరు. ఈ మాట నా అనుభవం ఒక్కటే చెప్పేది కాదు, దీనికి గట్టి రుజువు ఉంది.

1974లో జాన్ వొయెవొడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త శాన్ ఫ్రాన్సిస్కోలో టాక్సీల వెనక అదనంగా ఒక హెచ్చరిక లైటు పెట్టి చూశాడు. ఆ టాక్సీలను వెనక నుంచి గుద్దే ప్రమాదాలు సుమారు 60 శాతం తగ్గాయి. తరువాత అమెరికా ప్రభుత్వం 1986 మోడల్ కార్ల నుంచి మూడో బ్రేకు లైటు తప్పనిసరి చేసింది. అన్ని కార్లకూ ఆ లైటు వచ్చి, జనం కళ్లు దానికి అలవాటు పడ్డాక, అదే దేశపు రహదారి భద్రతా సంస్థ 1998లో లెక్క తీస్తే దీర్ఘకాలంలో మిగిలిన లాభం 4.3 శాతం. నాలుగు శాతమైనా ప్రాణాలే కాబట్టి ఆ లైటు ఉండాల్సిందే. కానీ 60 నుంచి 4.3కు ఎందుకు పడిందో ఆలోచించాలి. కొత్తగా ఉన్నంతకాలం కన్ను దాని మీద పడింది, అందరి వెనకా ఉన్నాక పడటం మానింది. రేపు ప్రతి కారూ ప్రతి బ్రేకుకూ మెరిస్తే ఆ మెరుపుకూ ఇదే గతి పడుతుంది. ఆపద వేళకు వాడుకోవలసిన మెరుపును చాయ్ హోటల్ ముందు ఖర్చు చేసేస్తున్నాం.

ప్రపంచంలో తెలిసినవాళ్లు దీనికి లెక్క కట్టారు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 48వది లైట్ల గురించినది. అందులోనూ, బ్రేకుల గురించిన నిబంధనల్లోనూ అత్యవసర ఆపు సంకేతానికి షరతులు రాసి ఉన్నాయి. బండి గంటకు 50 కిలోమీటర్లు దాటి పోతుండాలి. కార్ల వంటి చిన్న బండ్లలో సెకనుకు సెకను 6 మీటర్ల లెక్కన, అంతకంటే జోరుగా వేగం పడిపోవాలి. అప్పుడే లైట్లు సెకనుకు నాలుగుసార్ల చొప్పున మెరవాలి. వేగం పడటం 2.5 మీటర్ల కిందికి దిగగానే మెరుపు ఆగిపోవాలి. 6 మీటర్లంటే ఏమిటి? అరవై స్పీడులో పోయే కారు మూడు సెకన్లు కూడా తీసుకోకుండా, దాదాపు 23 మీటర్లలో నిలబడిపోవడం. పక్క సీటు మీద ఉన్న సంచీ కింద పడుతుంది, సీటు బెల్టు ఛాతీని పట్టుకుంటుంది. నెలలో ఒక్కసారి కూడా అంత గట్టిగా తొక్కే అవసరం రాకపోవచ్చు. అందుకే, తొక్కినప్పుడు వెనకవాడి కన్ను ఉలిక్కిపడాలి.

2005 ప్రాంతంలో మెర్సిడెస్ తన పెద్ద కార్లలో ఇటువంటి లైట్లు తెచ్చింది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే క్రెటా వంటి కార్లలోనూ ఈ ఏర్పాటు కంపెనీ నుంచే వస్తోంది. మీ కారులో అది ఉందో లేదో పుస్తకం తీసి చూడండి. ఉంటే ఇంకొక డబ్బా పెట్టించాల్సిన పనే లేదు. పెడితే రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి.

లేని పాత కార్లకు పెట్టించుకోవచ్చు, నేను వద్దనను. మంచి మాడ్యూలు వేరే ఉంది. దాని లోపల వేగం పడిపోవడాన్ని కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. మెల్లగా తొక్కితే లైటు మామూలుగా, నిలకడగా వెలుగుతుంది. గట్టిగా తొక్కి బండి ఒక్కసారిగా నిలబడుతుంటేనే మెరుస్తుంది. పాత లారీ డ్రైవరు చెయ్యి గబగబా ఊపడం మళ్లీ ఈ సెన్సర్ రూపంలో తిరిగొచ్చిందని నాకు సంతోషమే. ఖరీదు ఎక్కువైనా కొనదగ్గది అదే. ప్రతి తొక్కుడుకూ మెరిసే డబ్బాను ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు.

కొన్నదాన్ని బిగించే తీరు ఇంకో బాధ. పది నిమిషాల్లో పెడల్ దగ్గర తీగను కత్తిరించి మధ్యలో కట్టేసే కుర్రవాళ్లను చూస్తున్నాను. ఇప్పటి కార్లలో పెడల్ స్విచ్ తీగ బల్బుకు మాత్రమే పోదు. ఏబీఎస్‌కు, ఇంజిన్ కంప్యూటర్‌కు, క్రూజ్ ఉంటే దానికి, ఆటోమేటిక్ గేరుకు కూడా అదే కబురు పోతుంది. అక్కడ మెరుపు డబ్బా కడితే కంప్యూటర్‌కు బ్రేకు తొక్కాడు, వదిలాడు, తొక్కాడు, వదిలాడు అని వినపడుతుంది. డ్యాష్ మీద హెచ్చరిక లైటు వెలిగితే మళ్లీ మా దగ్గరికే వస్తారు. పని చేయాల్సింది దీపాల వైపు, డిక్కీ పక్కన. కంప్యూటర్ దాటి బల్బుకు పోయే తీగ మీద మాత్రమే చేయాలి. కొన్ని బండ్లలో ఆ తీగకు కరెంటు తుంపులు తుంపులుగా వస్తుంది, టెయిల్‌కూ బ్రేకుకూ ఒకే ఎల్ఈడీ మసకగా, కాంతిగా వెలిగేలా. అటువంటి చోట మామూలు మాడ్యూలు పనిచేయదు, దానికి సరిపడేది తెచ్చుకోవాలి. బల్బు పోతే చెప్పే ఏర్పాటు ఉన్న కార్లలో మాడ్యూలు కట్టాక బల్బు కాలిపోయిందని తప్పుడు కబురు రావచ్చు. ఇవన్నీ ముందే చూసుకోవాలి.

మా కాలపు టెస్టింగ్ బల్బుతో కంప్యూటర్ తీగలను గుచ్చకూడదు, మీటరు పెట్టి చూడాలి. పసుపు రంగు కప్లర్లు కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోవాలి, అవి చాలా బండ్లలో ఎయిర్ బ్యాగులవి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి పెట్టాలి. తీగను కోసి జతచేసేటప్పుడు నీలం రంగు ప్లాస్టిక్ క్లిప్పు నొక్కేసి పోతే ఆ రోజుకు పని అయినట్టే ఉంటుంది. కానీ ఆ క్లిప్పులోని రేకు తీగ తోలును చీల్చుకొని లోపలికి పోతుంది, ఆ చీలికలోంచి వాననీళ్లు దిగుతాయి. 2023 జూలైలో మొరంచవాగు మొరంచపల్లిని ముంచెత్తిన వానలు గుర్తున్నాయి కదా. ఆ ఏడాది తరువాత మా దగ్గరికి వచ్చిన బండ్లలో అటువంటి క్లిప్పులు తెరిస్తే రాగి పచ్చగా పొడి పొడిగా రాలింది. జాయింటుకు సోల్డరింగ్ చేసి, వేడికి బిగుసుకునే స్లీవు తొడిగి, తీగను కదలకుండా కట్టాలి. నల్ల టేపు ఒక్కటే చుడితే మన ఎండలకు జిగురు కారి ఊడిపోతుంది. మాడ్యూలుకు కరెంటు తీసుకునే చోట ఫ్యూజు ఉండాలి. మాడ్యూలును తీగల గుత్తికి వేలాడదీయకూడదు, బాడీకి గట్టిగా బిగించాలి, ముందు వైపు చూపే బాణం గుర్తు ఉంటే అది ముందుకే ఉండాలి. వేలాడే సెన్సర్ గుంత మీద ఎగిరినా బ్రేకు అనుకుంటుంది. మన రోడ్ల మీద గుంతలకు కొదువ లేదు.

చట్టం కూడా తెలుసుకోవాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం బ్రేకు లైటు ఎర్రగా ఉండాలి, బ్రేకు తొక్కగానే వెలగాలి. నీలం, తెలుపు కలిపి మెరిపించే డబ్బాలు తప్పు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. వారంటీలో ఉన్న కారు వైరింగు కోయించే ముందు కంపెనీ సర్వీసు వాళ్లను అడగడం మంచిది.

ఇంత చెప్పాక అసలు సంగతికి వస్తాను. మా మొగుళ్లపల్లి మండలం వరంగల్ జిల్లాలో ఉన్న కాలంలోనూ, 2016 అక్టోబరులో భూపాలపల్లి జిల్లా అయ్యాకా మా రోడ్ల మీద తిరిగే అసలు బరువు కార్లది కాదు. పత్తి, మిర్చి వేసుకొని ఏనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లది, వడ్ల లోడుది, చెల్పూరు కరెంటు ప్లాంటు వైపు, భూపాలపల్లి గనుల వైపు తిరిగే టిప్పర్లది, గోదావరి ఇసుక లారీలది. ట్రాలీ వెనక చూడండి. సగానికి సగం ట్రాలీలకు లైటే లేదు. ఉన్నచోట ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య కప్లర్ ఊడి వేలాడుతుంటుంది. వెనక రేడియం స్టిక్కరు కూడా ఉండదు. పైన పత్తి బోరెం ఎత్తుగా పొంగి ఉన్నా, చీకట్లో ఆ తెలుపు దగ్గరికి పోయేదాకా కనపడదు. వానాకాలం పంట వచ్చినప్పుడు రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. ట్రాలీ ఆ రాళ్లు తప్పించడానికి ఒక్కసారిగా ఆగుతుంది. వెనక మెరుపు డబ్బా పెట్టుకున్న కారు వస్తుంటుంది. ఆ కారు వెనక దీపాలు ఎంత మెరిస్తే ఏం లాభం, ముందు ఆగిన ట్రాలీకి దీపమే లేనప్పుడు?

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం ఆ ప్రమాదాల్లో అయిదింట ఒకటికి పైగా వెనక నుంచి గుద్దినవే. ఆ లెక్కలో మన పల్లెల ట్రాలీలూ ఉన్నాయి. ఒక ట్రాలీకి రెండు ఎల్ఈడీ దీపాలు, ఏడు పిన్నుల కప్లర్, కొన్ని గజాల తీగ, రేడియం టేపు పెట్టడానికి అయ్యే ఖర్చు ఒక మిర్చి బస్తా ధరలో ఎంతో వంతు కూడా కాదు. ఎల్ఈడీకి ఇంకో లాభం ఉంది. పాత బల్బు పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది, ఎల్ఈడీ అంతకంటే చాలా తొందరగా వెలుగుతుంది. ఎనభై స్పీడులో వచ్చేవాడికి ఆ తేడా సుమారు నాలుగు మీటర్ల దూరం. ఆ నాలుగు మీటర్లు ఒక మనిషి బతకడానికి చాలు.

కార్లున్న పిల్లలకు నా మాట ఇది: మెరిసే డబ్బా కొనాలనుకుంటే వేగం పడిపోవడాన్ని కొలిచే సెన్సర్ ఉన్నదే కొనండి, దీపాల వైపే కట్టించండి, సోల్డరింగ్ చేసేవాడి దగ్గరే చేయించండి. ఇప్పటికే ప్రతి తొక్కుడుకూ మెరిసేది పెట్టించుకుని ఉంటే తీయించేయండి. ట్రాక్టర్లున్న అన్నలకు ఇంకో మాట: పత్తి మార్కెట్‌కు పోవడం మొదలుకాక ముందే ట్రాలీ వెనక రెండు ఎర్ర దీపాలు వెలిగించుకోండి. మొగుళ్లపల్లిలో గాని, పరకాలలో గాని, చిట్యాలలో గాని ఏ ఆటో ఎలక్ట్రీషియనైనా ఒక్క పూటలో చేసిపెడతాడు.